పేరు మిగలాలంటే

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం మొదటి బాంబుదాడి 1939 సెప్టెంబర్ 4న జరిగింది. బ్రిటన్ యుద్ధం ప్రకటించి అప్పటికి ఒక్క రోజే అయింది. జర్మనీ ఉత్తర తీరంలో విల్హెల్మ్స్‌హావెన్ రేవు దగ్గర నిలిచి ఉన్న యుద్ధనౌకల మీద బాంబులు వేసి రమ్మని మూడు స్క్వాడ్రన్లను పంపారు. ఒక్కో స్క్వాడ్రన్ నుంచి అయిదేసి చొప్పున మొత్తం 15 బ్లెన్‌హైమ్ విమానాలు బయల్దేరాయి. ఆ రోజు వాతావరణం అస్సలు బాగాలేదు. మబ్బు కిందికి దిగింది, వాన పడుతోంది. 139వ స్క్వాడ్రన్ నౌకలు కనిపించక వెనక్కి తిరిగింది. 110వ స్క్వాడ్రన్ నౌకలను కనిపెట్టి ముందుగా మీద పడింది. అడ్మిరల్ షేర్ అనే పెద్ద యుద్ధనౌక మీద నావికులు ఉతికిన బట్టలు ఆరేసుకుని ఉన్నారట. దాడి వస్తుందని వాళ్లు అంత ఊహించలేదు. కొన్ని బాంబులు నౌకకు తగిలి కూడా పేలకుండా జారిపోయాయి. ఆ తర్వాత వచ్చిన 107వ స్క్వాడ్రన్‌కు మాత్రం నౌకల మీది తుపాకులు సిద్ధంగా ఎదురయ్యాయి. ఆ స్క్వాడ్రన్ అయిదు విమానాల్లో నాలుగు తిరిగి రాలేదు. 110వ స్క్వాడ్రన్ ఒక విమానాన్ని పోగొట్టుకుంది.

107వ స్క్వాడ్రన్ పోగొట్టుకున్న విమానాల్లో ఒకదాన్ని నడిపినవాడు సార్జెంట్ ఆల్బర్ట్ స్టాన్లీ ప్రిన్స్. అతను కెనడాలో పుట్టినవాడు. అతనితో పాటు ఉన్న ఇద్దరూ ప్రాణాలతో జర్మన్లకు పట్టుబడి, యుద్ధం ముగిసేదాకా ఖైదులోనే ఉన్నారు. ప్రిన్స్ బతకలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుతో పోరులో ప్రాణం పోగొట్టుకున్న మొదటి కెనడియన్‌గా అతన్ని కెనడా గుర్తు పెట్టుకుంది. అప్పటికి కెనడా యుద్ధంలోకి ఇంకా అధికారికంగా దిగనే లేదు. ఆ ప్రకటన సెప్టెంబర్ 10న వెలువడింది.

ఆ దాడికి తెలుగు నేలతో ఒక సంబంధం ఉంది. ముందు వెళ్లిన 110వ స్క్వాడ్రన్ పూర్తి పేరు ‘110 హైదరాబాద్ స్క్వాడ్రన్’. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1918లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో ఈ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్ విమానాలు సమకూరాయి. ఒక్కో విమానం పక్కన అది నిజాం బహుమతి అని, హైదరాబాద్ పేరుతో ఒక వరుస సంఖ్యతో రాశారు. ఆ ఏడాది సెప్టెంబర్ నుంచి ఈ స్క్వాడ్రన్ ఫ్రాన్స్ నుంచి ఎగిరి పట్టపగలు జర్మన్ పట్టణాల మీద బాంబులు వేసింది. నష్టాలు చాలా ఎక్కువ. ఒక్క అక్టోబర్ 21నాటి దాడిలోనే ఏడు విమానాలు పోయాయి. ఆ నెల మొదట్లో జర్మన్లకు చిక్కిన ఒక విమానం బెర్లిన్‌లో ప్రదర్శన వస్తువైంది. రెండో యుద్ధంలో పోలండ్‌కు చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను మారుగా ఇచ్చి బ్రిటన్ దాన్ని వెనక్కి తెచ్చుకుంది. లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉన్న పాత డీహెచ్-9ఏ ఇదే.

రెండో యుద్ధంలో నిజాం మళ్లీ డబ్బిచ్చాడు. 152, 253 సంఖ్యలున్న ఫైటర్ స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు వచ్చింది. 152వ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. ఇవి రెండూ 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో పోరాడాయి. అదే సమయంలో మద్రాసు ప్రెసిడెన్సీ చందాలకు గుర్తుగా 79, 234, 264 స్క్వాడ్రన్లకు ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ పేరు పెట్టారు. అప్పటి కడప జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. పెండ్లిమర్రి, వేంపల్లె, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఊళ్ల శిస్తు అంతా మద్రాసు ఖజానాకే చేరేది. ఒక స్పిట్‌ఫైర్ బహూకరించాలంటే 5 వేల పౌండ్లు ఇవ్వాలని బ్రిటిష్ ప్రభుత్వం నిర్ణయించింది. అంత పెద్ద మొత్తం సంస్థానాల నుంచి, జిల్లాల నుంచి చందాలుగా పోగైంది. ఇక్కడి జనం ఎన్నడూ చూడని సముద్రాల మీద ఇక్కడి పేరు మోసుకుని విమానాలు ఎగిరాయి. వాటిలో కూర్చుని చనిపోయినవాళ్లు ఎక్కడెక్కడి పిల్లలో. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, పోలండ్, కెనడా, అన్ని దేశాల కుర్రాళ్లూ అందులో ఉన్నారు. మొత్తం బ్రిటిష్ వైమానిక దళంలో చూస్తే కెనడావాళ్ల సంఖ్య మరీ పెద్దది.

దానికి కారణం ఉంది. బ్రిటన్ గగనతలం యుద్ధరంగం కావడంతో అక్కడ కొత్తవాళ్లకు విమానం నేర్పడం కష్టమైంది. కెనడాలో చోటు ఎక్కువ, శత్రువు దూరం. అందుకని 1939 డిసెంబర్‌లో కామన్వెల్త్ వైమానిక శిక్షణ పథకం మీద సంతకాలు చేశారు. 1945 దాకా ఆ పథకం కింద 1,31,000 మందికి పైగా పైలట్లు, నావిగేటర్లు, బాంబు గురి చూసేవాళ్లు, రేడియో ఆపరేటర్లు, గన్నర్లు తయారయ్యారు. వాళ్లలో సగానికి పైగా కెనడియన్లే. గోధుమ పొలాల్లోంచి, గనుల ఊళ్లలోంచి, బట్టల దుకాణాల్లోంచి వచ్చినవాళ్లు. స్కూలు చదువు ముగిసి ముగియక వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో చాలామందిని ఇంగ్లాండ్‌లోని బాంబర్ కమాండ్‌కు పంపారు.

బాంబర్ కమాండ్‌లో చేరడమంటే ఏమిటో ఒక లెక్క చెబుతుంది. యుద్ధమంతటిలో ఆ దళంలో ఎగిరినవాళ్లు సుమారు 1,25,000 మంది. వాళ్లలో 55,573 మంది చనిపోయారు. వందకు నలభై నలుగురన్నమాట. చనిపోయినవాళ్లలో కెనడియన్లు సుమారు 10 వేల మంది. ఒక విడత పని పూర్తయిందని సెలవిచ్చే ముందు 30 దాడులు చెయ్యాలి. మరణాలు ఎక్కువగా ఉన్న కాలంలో 30 దాటడమే వింత. సగటు వయసు ఇరవై రెండు, ఇరవై మూడు. మన దగ్గర పీజీ చదివే పిల్లల వయసది.

ఆ పది వేల మందిలో అందరికన్నా ఎక్కువగా గుర్తుండిపోయిన పేరు ఆండ్రూ మినార్స్కీ. కెనడాలోని విన్నిపెగ్ నగరంలో 1916 అక్టోబర్ 14న పుట్టాడు. తల్లిదండ్రులు పోలండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. పదహారేళ్లప్పుడు తండ్రి పోవడంతో ఇంటి బరువు అతని మీద పడింది. తోలు కత్తిరించే పనిలో చేరి కుటుంబాన్ని ఆదుకున్నాడు. 1941లో వైమానిక దళంలో చేరి, విమానం వీపు మీద ఉండే తుపాకీ గూటిలో గన్నర్ అయ్యాడు. 419వ స్క్వాడ్రన్‌లో అతని లాంకాస్టర్ విమానంలో ఏడుగురు ఉండేవాళ్లు. తోక చివర గూటిలో కూర్చునే పాట్ బ్రోఫీ అతని ప్రాణస్నేహితుడు. బ్రోఫీ అధికారి, మినార్స్కీ కింది హోదా వాడు. అయినా రాత్రి విడిపోయేటప్పుడు మినార్స్కీ సరదాగా సెల్యూట్ కొట్టి, అధికారికి చెప్పినట్టు గుడ్ నైట్ చెప్పేవాడు.

1944 జూన్ 12 రాత్రి వాళ్ల పదమూడో దాడి. మిత్రసేనలు నార్మండీ తీరాన దిగి ఆరు రోజులైంది. ఫ్రాన్స్‌లోని కాంబ్రే రైలు యార్డును ధ్వంసం చేస్తే జర్మన్ సైన్యానికి సరఫరా ఆగుతుంది. బయల్దేరే ముందు గడ్డిలో నాలుగాకుల క్లోవర్ మొక్క దొరికింది. అది ఉంటే అదృష్టమని అక్కడి నమ్మకం. మినార్స్కీ దాన్ని తన దగ్గర ఉంచుకోలేదు, బ్రోఫీకిచ్చాడు.

ఫ్రాన్స్ మీదికి చేరాక జర్మన్ నైట్‌ఫైటర్ ఒకటి కింది నుంచి కాల్చింది. ఎడమ రెక్క మీది ఇంజన్లు రెండూ ఆగిపోయాయి. విమానం మధ్యభాగంలో మంటలు లేచాయి. దూకేయమని పైలట్ ఆజ్ఞ ఇచ్చాడు. మినార్స్కీ తన గూటి నుంచి దిగి తలుపు దగ్గరికి వచ్చాడు. ఒక్క అడుగు వేస్తే బయటపడతాడు. అప్పుడు మంటల అవతల, తోకలో, బ్రోఫీ కనిపించాడు. గూడు తిరగడానికి కావలసిన నూనె పోయి అది బిగుసుకుపోయింది. చేత్తో తిప్పే పిడి కూడా విరిగిపోయింది. బ్రోఫీ బయటికి రాలేకపోతున్నాడు.

మినార్స్కీ మంటల్లోంచి పాక్కుంటూ తోక దగ్గరికి వెళ్లాడు. గొడ్డలితో కొట్టాడు, చేతులతో లాగాడు. గూడు కదలలేదు. అతని బట్టలు, పారాచూట్ అంటుకున్నాయి. ఇక లాభం లేదు, వెళ్లిపొమ్మని బ్రోఫీ చేత్తో సైగ చేశాడు. మినార్స్కీ వెనక్కి తిరగలేదు. మొహం బ్రోఫీ వైపే ఉంచి వెనక్కి వెనక్కి పాక్కుంటూ తలుపు దాకా వెళ్లాడు. కాలుతున్న బట్టలతోనే నిలబడి సెల్యూట్ చేశాడు. పెదవులు కదిలాయి. రోజూ చెప్పే ఆ గుడ్ నైట్ మాటే అయి ఉంటుందని బ్రోఫీ తర్వాత చెప్పాడు. అప్పుడు దూకాడు. కాలుతున్న పారాచూట్‌తో నేల మీద పడ్డాడు. ఊరివాళ్లు ప్రాణంతో ఉండగానే కనుక్కున్నారు గానీ, కాలిన గాయాలతో కాసేపటికే చనిపోయాడు. వయసు 27 ఏళ్లు.

బ్రోఫీ మాత్రం బతికాడు. విమానం నేలను తాకి, ఎడమ రెక్క చెట్టుకు తగిలి గిర్రున తిరిగిన ఊపుకు గూడు తెగి అతను బయటికి విసిరివేయబడ్డాడు. మిగిలిన అయిదుగురూ బతికి బయటపడ్డారు. అంటే ఆ ఏడుగురిలో చనిపోయినవాడు మినార్స్కీ ఒక్కడే. 1945లో బ్రోఫీ చెప్పేదాకా మంటల్లో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. చూసినవాడు అతనొక్కడే. బ్రోఫీ కూడా పోయి ఉంటే మినార్స్కీ కథ ఒక రిజిస్టర్‌లో ‘తిరిగి రాలేదు’ అనే మాటతో ముగిసేది. 1946 అక్టోబర్‌లో అతనికి అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ ప్రకటించారు. ఫ్రాన్స్‌లోని మెహారికూర్ ఊరి శ్మశానంలో అతని సమాధి ఉంది.

ఆ తర్వాత ఆ పేరును కెనడా ఎన్ని చోట్ల నాటిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. విన్నిపెగ్‌లో ఒక స్కూలుకు అతని పేరు ఉంది. మానిటోబా రాష్ట్రంలో సరస్సులకు అతని పేరు పెట్టారు. అతని స్క్వాడ్రన్ ఎగిరిన ఇంగ్లాండ్‌లోని ఎయిర్‌ఫీల్డ్ దగ్గర 2005లో అతని విగ్రహం నిలిపారు. ఒంటారియోలోని హామిల్టన్ మ్యూజియంలో ఇంకా ఎగరగలిగిన లాంకాస్టర్ ఒకటి ఉంది. ప్రపంచంలో అలాంటివి రెండే మిగిలాయి. దానికి మినార్స్కీ విమానం మీది అక్షరాలే రాసి, అతని పేరుకే అంకితం చేశారు. ఎండాకాలం అది ఎగిరితే ఒంటారియో జనం ఇళ్లలోంచి బయటికొచ్చి తల పైకెత్తి చూస్తారు.

పతకం రానివాళ్లను కూడా ఆ దేశం వదిలిపెట్టలేదు. ఒట్టావా పార్లమెంట్ ప్రాంగణంలో స్మృతి గ్రంథాలున్నాయి. యుద్ధాల్లో పోయిన ప్రతి కెనడియన్ పేరు వాటిలో ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధపు గ్రంథంలో ఒక్కదానిలోనే 44 వేలకు పైగా పేర్లు. రోజూ ఉదయం 11 గంటలకు ఒక పుట తిప్పుతారు. ప్రతి పేరూ ఏడాదిలో ఒక రోజు వెలుగు చూస్తుంది. మానిటోబా, సస్కాచెవాన్ రాష్ట్రాల్లో సరస్సులకు, ద్వీపాలకు, కొండలకు, వాగులకు చనిపోయిన సైనికుల పేర్లు వేలకొద్దీ పెట్టారు. ఆల్బర్టాలోని నాంటన్‌లో బాంబర్ కమాండ్ మ్యూజియం గోడ మీద 10 వేలకు పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. సమాధి కూడా దొరకనివాళ్ల కోసం లండన్ దగ్గర రన్నీమీడ్‌లో 1953లో స్మారకం ప్రారంభించారు. 20 వేలకు పైగా వైమానికుల పేర్లు అక్కడున్నాయి. యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకుంటూ నవంబర్ 11న కెనడా అంతా ఎర్రటి పాపీ పువ్వు గుండె మీద పెట్టుకుంటుంది. టొరంటో, బ్రాంప్టన్ స్కూళ్లలో చదివే తెలుగు పిల్లలూ ఆ పువ్వు పెట్టుకుని 11 గంటలకు మౌనంగా నిలబడతారు.

ఈ గౌరవం పక్కనే ఒక కష్టమైన సంగతి ఉంది, దాన్ని దాచకూడదు. ఆ విమానాలు వేసిన బాంబుల కింద నగరాలున్నాయి. 1943 జులైలో హాంబర్గ్‌లో సుమారు 40 వేల మంది, 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌లో సుమారు 25 వేల మంది చనిపోయారు. వాళ్లలో అత్యధికులు సామాన్య జనం. కెనడా వార్ మ్యూజియంలో ఈ విషయం చెప్పే పలక మీద మాజీ వైమానికులు అభ్యంతరం తెలిపితే, పెద్ద చర్చ తర్వాత 2007లో దాన్ని తిరిగి రాశారు. 2012లో లండన్ గ్రీన్ పార్క్‌లో ప్రారంభించిన బాంబర్ కమాండ్ స్మారకం మీద, బాంబుదాడుల్లో చనిపోయిన అన్ని దేశాల ప్రజలను కూడా తలుచుకున్నారు. అది సరైన పని. కుర్రాళ్ల ధైర్యాన్ని గౌరవించడానికి కింద చచ్చిపోయినవాళ్లను మరిచిపోనక్కర్లేదు.

బాంబు కింద ఉండడం ఎలా ఉంటుందో తెలుగు తీరానికీ తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లో బంగాళాఖాతంలో 20కి పైగా ఓడలు మునిగాయి. పేలని జపాన్ బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. మద్రాసు జనం భయంతో ఊళ్లకు పరిగెత్తారు. ప్రభుత్వ కార్యాలయాలను లోపలి జిల్లాలకు తరలించారు. ఆ రోజుల్లోనే శ్రీలంక వైపు వస్తున్న మరో జపాన్ నౌకాదళాన్ని ముందుగా కనిపెట్టింది ఒక కెనడా విమానమే. కెనడా 413వ స్క్వాడ్రన్‌కు చెందిన లెనార్డ్ బర్చల్ ఏప్రిల్ 4న తన కాటలీనా విమానంలో శ్రీలంకకు ఆగ్నేయంగా గస్తీ తిరుగుతూ ఆ నౌకలను చూశాడు. రేడియోలో కబురు పంపుతుండగానే జపాన్ ఫైటర్లు ఆ విమానాన్ని కూల్చాయి. సిబ్బందిలో ముగ్గురు చనిపోయారు, మిగిలినవాళ్లు జపాన్ ఖైదులో పడ్డారు. అదే 1942లో 110 హైదరాబాద్ స్క్వాడ్రన్, 79 మద్రాస్ ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్ తూర్పు రంగానికి వచ్చి బర్మా మీద పోరాడాయి. ఇచ్చిన డబ్బుకు వచ్చిన పేర్లతోనే మన దిక్కుకు చేరుకున్నాయన్నమాట.

ఇక మన సంగతి. ఆ యుద్ధంలో చనిపోయిన భారతీయ సైనికులు సుమారు 87 వేల మంది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి, తెలుగు జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు వాళ్లలో ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరానికి ‘మిలిటరీ మాధవరం’ అనే పేరే ఉంది. ఇంటికొకరు సైన్యంలోకి వెళ్లిన ఊరది. కానీ చాలా ఊళ్లలో వెళ్లినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలో ఎన్నో ఊళ్లలో చిన్న చిన్న రాతిపలకలు పెట్టించింది. ఈ ఊరి నుంచి యుద్ధానికి ఇంతమంది వెళ్లారు, వాళ్లలో ఇంతమంది చనిపోయారు, అంతే. పేరు లేదు. చందా ఇచ్చిన నిజాం పేరు విమానం పక్కన చెక్కు చెదరకుండా లండన్‌లో నిలిచింది. ప్రాణం ఇచ్చిన సిపాయి మాత్రం ఒక అంకెలో కలిసిపోయాడు. ఇది అన్యాయమే.

పేరు రాయడం మన నేలకు కొత్త కాదు కదా. కడప జిల్లా రేనాటి సీమ. తెలుగు శాసనాల్లో మొట్టమొదటివి దొరికిన చోటు, ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో ఆరో శతాబ్దపు శాసనం దొరికిన చోటు. ఈ సీమ పొలాల గట్ల మీద, ఊరి బయట వీరగల్లులు నిలబడి ఉన్నాయి. పశువులను తోలుకుపోయేవాళ్లతో పోరాడి పోయినవాడి బొమ్మ, ఆయుధం, చాలాచోట్ల అతని పేరు రాతి మీద చెక్కారు. పన్నెండు వందల ఏళ్ల కింద పోయిన వీరుడి పేరు చదవగలుగుతున్నాం. ఎనభై ఏళ్ల కింద బర్మాలోనో సింగపూర్‌లోనో పోయిన ఊరివాడి పేరు మాత్రం పిల్లలకు తెలియడం లేదు.

ఆ పేర్లు కొన్ని పూర్తిగా పోలేదు. బర్మాలో సమాధి లేకుండా పోయినవాళ్లకు యాంగాన్ దగ్గర తౌక్యాన్‌లో రంగూన్ స్మారకం ఉంది. అక్కడ సుమారు 27 వేల పేర్లున్నాయి. సింగపూర్ క్రాంజీలో మరో 24 వేల పేర్లు. రెండుచోట్లా భారతీయుల పేర్లు వేలల్లో ఉన్నాయి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఈ పేర్లన్నిటినీ రిజిస్టర్లలో రాసింది. చాలామంది పేరు పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. ఆ రిజిస్టర్లను ఎవరైనా డబ్బు కట్టకుండా వెతుక్కోవచ్చు. చెన్నై నందంబాక్కంలో మద్రాస్ వార్ సిమెట్రీ ఉంది. అక్కడ 850కి పైగా సమాధులున్నాయి, వెళ్లి చూడొచ్చు.

పెండ్లిమర్రి మండలంలోగానీ, చుట్టుపక్కల ఊళ్లలోగానీ ఏ ఇంట్లోనైనా పాత ట్రంకుపెట్టెలో తాతగారి సైన్యపు పతకమో, డిశ్చార్జ్ కాగితమో, పింఛను పుస్తకమో ఉంటే దాన్ని పాత సామాన్ల వాడికి ఇవ్వకండి. పతకం అంచు మీద సాధారణంగా సైనికుడి నంబరు, పేరు, రెజిమెంటు చెక్కి ఉంటాయి. వాటిని, తండ్రి పేరును, ఊరి పేరును ఒక నోటుబుక్కులో రాసి, ఒక ప్రతి ఊరి బడిలో ఉంచండి, ఇంకొకటి కడపలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఇవ్వండి.